ఒక్క పాయింటు... పదేళ్ల పరుగు

ఒకప్పుడు ఆ జట్టు ఒకే మ్యాచ్‌లో 145 పాయింట్లు సమర్పించుకుంది. ఇరవయ్యేళ్ల తర్వాత ప్రపంచ విజేతల్నే మట్టికరిపించింది. మరో పదేళ్లకి అదే ప్రత్యర్థి చేతిలో చిత్తయి, రెండు వారాలు తిరక్కుండానే ఇంకో పెద్ద జట్టుకు చెమటలు పట్టించింది. పడుతూ లేస్తూ, లేస్తూ పడుతూ పరుగెడుతున్న జపాన్ రగ్బీ జట్టు కథ ఇది!

2025 నవంబరు 15. వేల్స్ రాజధాని కార్డిఫ్.

మనకు క్రికెట్ ఎలాగో వేల్స్ ప్రజలకు రగ్బీ అలాగ. ఆ రోజు వాళ్ల గుండెలు నోట్లోకొచ్చాయి. ఆట ముగిసే వేళకు స్కోరుబోర్డు మీద జపాన్ 23, వేల్స్ 21. అంతలో వేల్స్‌కు పెనాల్టీ దొరికింది. జారెడ్ ఎవాన్స్ బంతిని తన్నాడు. అది నేరుగా గోలు స్తంభాల మధ్య నుంచి దూసుకుపోయింది. వేల్స్ 24, జపాన్ 23. ఆట అయిపోయింది.

ఒక్క పాయింటు!

అంతకు రెండు వారాల ముందు, నవంబరు 1న, ఇదే జపాన్ జట్టు లండన్‌లోని వెంబ్లీ స్టేడియంలో దక్షిణాఫ్రికాతో ఆడి 61-7 తేడాతో చిత్తుగా ఓడింది. ఆ తర్వాతి వారం ఐర్లాండ్ చేతిలో 41-10. 'ఇక వీళ్ల పని అయిపోయింది' అనుకుంటుండగా కార్డిఫ్‌లో గెలుపు అంచుల దాకా వచ్చింది. ఇంతకీ వీటిలో అసలు జపాన్ ఏది? 54 పాయింట్ల తేడాతో కుప్పకూలిందా, ఒక్క పాయింటు తేడాతో గెలుపు చేజార్చుకుందా?

జపాన్ రగ్బీ ముందున్న ప్రశ్న ఇదే. జవాబు కావాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

ముందుకెళ్లాలంటే... వెనక్కి విసరాలి!

రగ్బీ అంటే మనలో చాలామందికి కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతి, దాని కోసం ఒకరి మీద ఒకరు పడి దొర్లే భారీకాయులు... అంతే. అసలు ఆట అంత గజిబిజిగా ఏమీ ఉండదు. జట్టుకు 15 మంది. 80 నిమిషాలు. బంతిని చంకలో పెట్టుకుని పరుగెత్తి అవతలివాళ్ల గీత దాటి నేలకు తాకిస్తే 'ట్రై'. దానికి అయిదు పాయింట్లు. ఆ వెంటనే బంతిని గోలు స్తంభాల మధ్య నుంచి తంతే మరో రెండు. ప్రత్యర్థి తప్పు చేస్తే పెనాల్టీ... దాన్ని గోలుగా మలిస్తే మూడు.

తమాషా ఏమిటంటే చేత్తో బంతిని ముందుకు విసరకూడదు. పక్కకో వెనక్కో మాత్రమే అందించాలి. ముందుకెళ్లాలంటే పరుగెత్తాలి, లేదా కాలితో తన్నాలి. బంతి పట్టుకున్నవాణ్ని అవతలివాళ్లు పడగొట్టచ్చు. కబడ్డీలో కూతకొచ్చినవాణ్ని కాళ్లు పట్టి లాగేస్తారే... దాదాపు అలాగే! ఇక 'స్క్రమ్' అంటే రెండు జట్లలోని చెరో ఎనిమిది మంది భుజాలు కలిపి ఒకరినొకరు నెట్టుకోవడం. బండరాళ్లు ఢీకొన్నట్టుంటుంది.

ఇలాంటి ఆటలో ఎత్తూ బరువూ ఉన్నవాళ్లదే రాజ్యం. సగటు జపనీయుడికి ఆ రెండూ తక్కువే. అయినా ఈ ఆట వాళ్లకి కొత్తేమీ కాదు. 1899లో టోక్యోలోని కీయో విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ క్లార్క్ అనే అధ్యాపకుడూ, కేంబ్రిడ్జిలో చదువుకొచ్చిన తనాకా గిన్నోసుకే కలిసి కుర్రాళ్లకు రగ్బీ నేర్పారు. అలా మొదలైన ఆట విశ్వవిద్యాలయాల్లో వేళ్లూనుకుంది. అక్కణ్నుంచి కంపెనీలకు పాకింది. ఉక్కు కర్మాగారాలూ కార్ల కంపెనీలూ సొంత జట్లు పెట్టుకున్నాయి. పగలు ఆఫీసులో ఫైళ్లు, ఆ తర్వాత మైదానంలో ప్రాక్టీసు... ఎందరో ఆటగాళ్ల దినచర్య అది.

1971లో ఇంగ్లండ్ జట్టు టోక్యో వచ్చినప్పుడు జపాన్ 6-3 తేడాతో మాత్రమే ఓడింది. దాన్ని అక్కడి అభిమానులు చాలాకాలం గర్వంగా చెప్పుకున్నారు. ఓటమినే గొప్పగా చెప్పుకోవాల్సిన రోజులవి.

ఆ ఒక్క మ్యాచ్...

1995 జూన్ 4. దక్షిణాఫ్రికాలోని బ్లూమ్‌ఫాంటీన్. ప్రపంచకప్‌లో న్యూజిలాండ్‌తో మ్యాచ్. అప్పటికే తర్వాతి దశకు చేరడం ఖాయమైపోవడంతో న్యూజిలాండ్ తన ప్రధాన ఆటగాళ్లలో చాలామందికి విశ్రాంతినిచ్చింది. అయినా ఏం జరిగిందో తెలుసా? న్యూజిలాండ్ 145, జపాన్ 17. మొత్తం 21 ట్రైలు. మార్క్ ఎలిస్ ఒక్కడే ఆరు చేశాడు. అదే తొలి అంతర్జాతీయ మ్యాచ్ ఆడుతున్న సైమన్ కల్హేన్ 45 పాయింట్లు సాధించాడు.

ఆ దెబ్బ నుంచి జపాన్ రగ్బీ ఏళ్ల తరబడి కోలుకోలేదు. 1987లో మొదలైన ప్రపంచకప్‌లో ఒక్కసారి కూడా తప్పకుండా పాల్గొంటూనే ఉంది. కానీ 2011 దాకా ఆడిన 24 మ్యాచ్‌ల్లో గెలిచింది ఒకే ఒక్కటి. అదీ 1991లో జింబాబ్వే మీద. రెండు మ్యాచ్‌లు డ్రా. మిగిలిన 21 ఓటములే.

ఈలోగా ఓ విచిత్రం జరిగింది. 2019 ప్రపంచకప్ ఆతిథ్యం జపాన్‌కు ఇస్తున్నట్టు 2009లో ప్రకటన వెలువడింది. పెళ్లి ముహూర్తం పెట్టేశారు, ఇంట్లో మాత్రం సరుకుల్లేవు! సొంతగడ్డ మీద ప్రపంచం ముందు పరువు పోకుండా ఉండాలంటే జట్టును మళ్లీ మొదటి నుంచీ కట్టుకు రావాలి.

తెల్లవారుజామున అయిదింటికి...

2012లో ఆ బాధ్యత తీసుకున్నాడు ఎడ్డీ జోన్స్. ఆస్ట్రేలియావాడు. తల్లి జపాన్ మూలాలున్న అమెరికన్. 2003లో ఆస్ట్రేలియాను ప్రపంచకప్ ఫైనల్‌కు చేర్చిన కోచ్. 2007లో విశ్వవిజేతగా నిలిచిన దక్షిణాఫ్రికా జట్టుకూ సలహాదారుగా పనిచేశాడు.

వచ్చీరాగానే జపాన్ ఆటగాళ్లలో అతను గమనించింది ఒకటే. 'మనం చిన్నవాళ్లం, పెద్దవాళ్లతో ఎలా గెలుస్తాం?' అన్న భావన. పరువుగా ఓడిపోతే చాలనుకోవడం. దాన్ని వదిలించడానికి అతను ఎంచుకున్న మందు చెమట. తెల్లవారుజామున అయిదింటికే ప్రాక్టీసు. రోజుకు మూడు నాలుగు విడతలు. నెలల తరబడి మియజాకిలో శిక్షణ శిబిరాలు. స్క్రమ్ నేర్పడానికి ఫ్రాన్స్ నుంచి మార్క్ దల్ మాసోను, గాల్లోకి ఎగిరి బంతి అందుకునే 'లైనౌట్' మెలకువలు చెప్పడానికి ఇంగ్లండ్ మాజీ కెప్టెన్ స్టీవ్ బోర్త్‌విక్‌ను రప్పించాడు.

లెక్క చాలా సులువు. బరువులో పోటీపడలేం. కాబట్టి ప్రత్యర్థి కన్నా కిందికి వంగి నెట్టాలి. కిందపడితే వాళ్లకన్నా ముందే లేవాలి. బంతిని వాళ్లకన్నా వేగంగా చేతులు మార్చాలి. 80 నిమిషాల ఆటలో అవతలివాడు 60వ నిమిషానికి రొప్పుతుంటే మనవాడు అప్పుడే మొదలుపెట్టినట్టుండాలి. జట్టులోని ఫుమియాకి తనాకా ఎత్తు 166 సెంటీమీటర్లు. ఆ ఎత్తుతోనే 2013లో దక్షిణార్ధగోళపు మేటి లీగ్ 'సూపర్ రగ్బీ'లో ఆడిన తొలి జపనీయుడయ్యాడు.

2013 జూన్‌లో టోక్యోలో వేల్స్‌ను 23-8తో ఓడించినప్పుడు, 'ముఖ్యమైన ఆటగాళ్లు లేని వేల్స్ కదా' అని పెదవి విరిచారు చాలామంది. సరే... అసలు పరీక్ష ముందుంది!

మూడు పాయింట్లు వద్దు!

2015 సెప్టెంబరు 19. ఇంగ్లండ్‌లోని బ్రైటన్ పట్టణం. ప్రపంచకప్‌లో జపాన్ తొలి మ్యాచ్. ఎదురుగా అప్పటికే రెండుసార్లు విశ్వవిజేత అయిన దక్షిణాఫ్రికా. ఎంత తేడాతో ఓడతారన్నదే అందరి లెక్క.

ఆట నడుస్తున్నకొద్దీ ఆ లెక్క తప్పుతూ వచ్చింది. జపాన్ పడిపోవడం లేదు. వెనకబడుతోంది, మళ్లీ అందుకుంటోంది. కిక్కుకు ముందు రెండు చేతులూ దగ్గరికి చేర్చి, ప్రార్థిస్తున్నట్టు నిలబడే అయుము గోరోమారు ఒక్కొక్క పాయింటూ పోగేస్తున్నాడు. ఆ రోజు అతను సాధించినవి మొత్తం 24.

ఆఖరి క్షణాలు. దక్షిణాఫ్రికా 32, జపాన్ 29. జపాన్‌కు పెనాల్టీ దొరికింది. దాన్ని గోలుగా మలిస్తే మూడు పాయింట్లొచ్చి మ్యాచ్ డ్రా అవుతుంది. దక్షిణాఫ్రికాతో డ్రా అంటే అదే చరిత్ర. పైన కూర్చున్న కోచ్ జోన్స్ కోరుకున్నదీ అదే... మూడు పాయింట్లు తీసుకోమనే.

కెప్టెన్ మైకేల్ లీచ్ మాత్రం వద్దన్నాడు. స్క్రమ్ కావాలన్నాడు. అంటే ట్రై కోసం, గెలుపు కోసం ఆడతామని. తప్పితే డ్రా కూడా చేజారిపోతుంది. ఒకప్పుడు మూడు పాయింట్ల ఓటమినే గొప్పగా చెప్పుకున్న జట్టు ఇప్పుడు డ్రా కూడా చాలదంటోంది!

బంతి కుడివైపు వెళ్లింది. మళ్లీ ఎడమకొచ్చింది. చేతులు మారింది. కాసేపటి క్రితమే మైదానంలోకి వచ్చిన కార్న్ హెస్కెత్ ఎడమ అంచున గీత దాటి దూకాడు. జపాన్ 34, దక్షిణాఫ్రికా 32. జపాన్ చొక్కాలేసుకున్న అభిమానులు స్టాండ్లలో వెక్కివెక్కి ఏడ్చారు. రగ్బీ చరిత్రలోనే అతిపెద్ద సంచలనాల్లో ఒకటిగా మిగిలిపోయింది ఆ మ్యాచ్. దానిమీద తర్వాత సినిమా కూడా వచ్చింది.

లోకం దాన్ని 'అద్భుతం' అంది. నిజానికి అద్భుతమేమీ లేదు. మూడేళ్ల పాటు తెల్లవారుజామున అయిదింటికి పడ్డ కష్టానికి సాయంత్రం కూలి దక్కింది, అంతే.

కానీ ఆ వెంటనే జరిగింది చూడండి. నాలుగంటే నాలుగే రోజుల వ్యవధిలో స్కాట్లండ్‌తో ఆడాల్సి వచ్చింది. 45-10తో ఓడింది. తర్వాత సమోవాను, అమెరికాను గెలిచినా క్వార్టర్స్‌కు చేరలేదు. మూడు మ్యాచ్‌లు గెలిచి కూడా లీగ్ దశలోనే ఇంటికెళ్లిన జట్టు ప్రపంచకప్ చరిత్రలో అప్పటిదాకా లేదు. ఒక్క వానకు చెరువు నిండదని జపాన్‌కు తెలిసొచ్చింది.

తుపాను తర్వాత...

జోన్స్ వెళ్లిపోయాడు. న్యూజిలాండ్‌కు చెందిన జేమీ జోసెఫ్ వచ్చాడు. 'ఒకే జట్టు' అన్నది అతని నినాదం. అందుకు కారణం లేకపోలేదు. జట్టులో దాదాపు సగం మంది విదేశాల్లో పుట్టినవాళ్లే. న్యూజిలాండ్, టోంగా, దక్షిణాఫ్రికా, దక్షిణ కొరియా... ఇలా. కెప్టెన్ లీచ్ పుట్టింది న్యూజిలాండ్‌లో. తల్లిది ఫిజీ. పదిహేనేళ్ల వయసులో చదువుకోవడానికి జపాన్‌లోని సప్పోరో వచ్చి, అక్కడే స్థిరపడి, ఆ దేశ పౌరుడయ్యాడు.

సొంతగడ్డ మీద 2019 ప్రపంచకప్ మొదలైంది. రష్యా మీద 30-10. షిజువోకాలో ఐర్లాండ్ మీద 19-12. సమోవా మీద 38-19. ఇక మిగిలింది నాలుగేళ్ల క్రితం తమను ఇంటికి పంపిన స్కాట్లండ్.

మ్యాచ్ అక్టోబరు 13న యొకొహామాలో. ముందురోజు హగిబిస్ తుపాను జపాన్‌ను అతలాకుతలం చేసింది. ఊళ్లు మునిగాయి, ఎందరో ప్రాణాలు పోగొట్టుకున్నారు. అసలు మ్యాచ్ జరుగుతుందో లేదో ఉదయం దాకా తెలియదు. రాత్రికి రాత్రే సిబ్బంది స్టేడియాన్ని సిద్ధం చేశారు. 67,666 మంది ప్రేక్షకులు ముందుగా మృతులకు మౌనంగా నివాళులర్పించారు. తర్వాత జపాన్ 28-21తో గెలిచింది. నాలుగుకు నాలుగు మ్యాచ్‌లు గెలిచి తొలిసారి క్వార్టర్స్ చేరింది. ఆసియాలో మరే జట్టూ అక్కడిదాకా వెళ్లలేదు. 'ఒకే జట్టు' అన్నమాట ఆ ఏడాది జపాన్‌లో అందరి నోళ్లలో నానిన పదంగా ఎంపికైంది.

ఈ సంబరంలో మర్చిపోకూడని ఊరొకటుంది... కమైషి. ఉక్కు కర్మాగారపు పట్టణం. 1978-79 నుంచి వరసగా ఏడుసార్లు జాతీయ ఛాంపియన్‌గా నిలిచిన కంపెనీ జట్టు ఆ ఊరిదే. 2011 మార్చి 11న సునామీ వచ్చి ఊరిని ఊడ్చేసింది. సముద్రం పక్కనున్న రెండు బడుల పిల్లలు ఎత్తయిన చోటికి పరుగెత్తి ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ బడులున్న చోటే రగ్బీ స్టేడియం కట్టారు. 2019 జులైలో జపాన్ అక్కడ ఫిజీతో ఆడి 34-21తో గెలిచింది. జాతీయ జట్టు గెలుపు ఆ దేశంలో ఎవరెవరికి ధైర్యమిచ్చిందో చెప్పడానికి ఆ ఒక్క మైదానం చాలు.

క్వార్టర్స్‌లో దక్షిణాఫ్రికా 26-3తో జపాన్ జోరుకు కళ్లెం వేసింది. ఆ కప్పు కూడా దక్షిణాఫ్రికాదే.

చేజారిన అయిదేళ్లు

అంతా బాగుంటే ఆ ఊపు కొనసాగాలి. కొనసాగలేదు. ఎందుకని?

మొదటి దెబ్బ కరోనా. 2020లో జపాన్ జట్టు ఒక్క అంతర్జాతీయ మ్యాచ్ కూడా ఆడలేదు. వేడి మీదున్న ఇనుము మీద సుత్తి దెబ్బ పడకుండానే చల్లారిపోయింది.

రెండోది 'సన్‌వుల్వ్స్'. జపాన్ ఆటగాళ్లు ఏటా న్యూజిలాండ్, ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా క్లబ్బులతో తలపడేందుకు 2016లో సూపర్ రగ్బీలో చేర్చిన జట్టు అది. ఎక్కువ మ్యాచ్‌లు ఓడింది, నిజమే. కానీ 2019లో ఐర్లాండ్‌ను నిలువరించిన ఆటగాళ్లలో చాలామంది ఆ ఓటముల్లోనే రాటుదేలారు. డబ్బు లెక్కలు కుదరక 2020తో ఆ జట్టుకు తెరపడింది. గట్టివాళ్లతో వారం వారం ఆడే అవకాశం పోయింది.

మూడోది వయసు. బ్రైటన్ వీరులు ఒక్కొక్కరే తప్పుకున్నారు. 2019లో ఐర్లాండ్ మీద గెలుపు ట్రై చేసిన కెంకి ఫుకువోకా రగ్బీకి స్వస్తి చెప్పి వైద్యవిద్యలో చేరిపోయాడు. ముందునుంచీ అతని కల డాక్టరు కావడమేనట! అలాంటివాళ్లు వెళ్లిపోతే ఆ లోటు భర్తీ చేసేవాళ్లు వెంటనే దొరకలేదు.

2023 ప్రపంచకప్‌లో చిలీ, సమోవాల మీద గెలిచినా ఇంగ్లండ్, అర్జెంటీనాల చేతిలో ఓడి లీగ్ దశలోనే వెనుదిరిగింది. అయినా ఒక లెక్క చూడండి. బ్రైటన్‌కు ముందు ప్రపంచకప్‌లలో 24 మ్యాచ్‌లకు ఒక్క గెలుపు. బ్రైటన్‌తో కలిపి అప్పట్నుంచి 13 మ్యాచ్‌లకు తొమ్మిది గెలుపులు. ఎదుగుదల గాలివాటం కాదనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. కాకపోతే ఎదగడం వేరు, ఎదిగినచోట నిలబడటం వేరు.

మళ్లీ పాత మాస్టారే!

2024 జనవరిలో ఎడ్డీ జోన్స్ మళ్లీ వచ్చాడు. మధ్యలో ఇంగ్లండ్‌ను 2019 ప్రపంచకప్ ఫైనల్‌కు తీసుకెళ్లాడు. 2023లో ఆస్ట్రేలియా కోచ్‌గా మాత్రం చేతులు కాల్చుకున్నాడు. ఆ జట్టు లీగ్ దశలోనే ఇంటిదారి పట్టింది. ఈసారి జపాన్‌లో అతను ఎత్తుకున్న మంత్రం 'చోసోకు'... అంటే అతివేగం. పరుగులోనే కాదు, ఆలోచనలోనూ ఎదుటివాళ్ల కన్నా ముందుండాలన్నది దాని సారం.

విశ్వవిద్యాలయాల నుంచి అప్పుడే వస్తున్న కుర్రాళ్లకు ధైర్యంగా చొక్కాలిచ్చాడు. ఫలితం? తొలి ఏడాది తల బొప్పికట్టింది. 2024లో 11 మ్యాచ్‌లకు నాలుగే గెలుపులు. న్యూజిలాండ్ 64-19, ఫ్రాన్స్ 52-12, ఇంగ్లండ్ ఒకసారి 52-17, మరోసారి 59-14. మొదటి అర్ధభాగంలో మెరుపులు, ఆ తర్వాత చీకటి... ఇదీ వరస.

2025లో పరిస్థితి కాస్త మారింది. జులైలో కితక్యుషులో వేల్స్‌ను 24-19తో ఓడించింది. పన్నెండేళ్ల తర్వాత ఆ జట్టు మీద గెలుపు! మొత్తం 11 మ్యాచ్‌లకు అయిదు విజయాలు. అంకెల్లో పెరిగింది ఒక్కటే. కానీ ఓడినవాటిని చూడండి. పసిఫిక్ నేషన్స్ కప్ ఫైనల్లో ఫిజీ చేతిలో ఆరు పాయింట్లతో, టోక్యోలో ఆస్ట్రేలియా చేతిలో నాలుగు పాయింట్లతో, కార్డిఫ్‌లో వేల్స్ చేతిలో ఒక్క పాయింటుతో. మూడూ కలిపినా తేడా పదకొండే.

ఇది సంతోషించాల్సిన విషయమా, బాధపడాల్సిన విషయమా? రెండూ. దగ్గరిదాకా వెళ్లే సత్తా వచ్చింది. చివరి అయిదు నిమిషాల్లో తప్పు చేయకుండా పట్టు బిగించే నేర్పు ఇంకా రాలేదు. అది ప్రాక్టీసులో వచ్చేది కాదు. పెద్దజట్లతో మళ్లీ మళ్లీ ఆడితేనే వస్తుంది. ఈత ఒడ్డున నిలబడి నేర్చుకోలేం కదా!

ఇక వెంబ్లీలో 61-7 చెప్పే సంగతి వేరు. ఢీ అంటే ఢీ అనే దక్షిణాఫ్రికా భారీకాయుల ముందు స్క్రమ్‌లోనూ, గుంపుగా నెట్టుకెళ్లడంలోనూ జపాన్ తేలిపోయింది. వేగం ఒక్కటే చాలదు. బలాన్ని కాసేపైనా నిలువరించగలిగితేనే వేగానికి పని దొరుకుతుంది. పదేళ్ల కిందట బ్రైటన్ జట్టుకు ఆ కిటుకు తెలుసు.

కంపెనీల చేతిలో తాళం

జపాన్ రగ్బీకి డబ్బు కొరత లేదు. 2022లో మొదలైన 'లీగ్ వన్' ప్రపంచంలోని సంపన్న లీగుల్లో ఒకటి. తోషిబా, టొయోటా, సన్‌టోరీ, పానసోనిక్, కోబె స్టీల్ లాంటి సంస్థలే జట్ల వెనక ఉన్నాయి. ప్రపంచ ప్రఖ్యాత ఆటగాళ్లు క్యూ కడుతున్నారు. న్యూజిలాండ్ స్టార్ రిచీ మొవుంగా ఆడిన తోషిబా జట్టు 2024, 2025ల్లో వరసగా రెండుసార్లు టైటిల్ గెలిచింది.

మేటి ఆటగాళ్ల పక్కన ఆడటం కుర్రాళ్లకు వరమే. మరోపక్క అదే చిక్కు కూడా. ఆట మొత్తాన్ని నడిపించే 'ఫ్లైహాఫ్' స్థానంలో విదేశీ స్టార్ నిలబడితే జపాన్ కుర్రాడు బెంచీ మీద కూర్చోవాలి. రేపు జాతీయ జట్టు తరఫున చివరి నిమిషంలో నిర్ణయం తీసుకోవాల్సింది ఆ కుర్రాడే. కార్డిఫ్‌లో కనిపించిన లోటుకూ దీనికీ సంబంధం లేదనలేం.

అసలు బలం కింద ఉంది. ఏటా డిసెంబరు చివర్లో ఒసాకా పక్కనున్న హనజోనో మైదానంలో హైస్కూలు జట్ల జాతీయ పోటీలు మొదలవుతాయి. 1918 నుంచీ ఉన్న సంప్రదాయం. అక్కడ ఆడటమంటే బడిపిల్లలకు జీవితాశయం. కానీ జపాన్‌లో పిల్లలే తగ్గిపోతున్నారు. కొన్ని బళ్లలో పదిహేను మంది దొరక్క, రెండు మూడు బళ్లు కలిసి ఒకే జట్టుగా ఆడుతున్నాయి. ఊట తగ్గితే బావిలో ఎంతకాలం తోడతారు?

అందుకే బయటినుంచి వచ్చి అక్కడే పెరిగినవాళ్లు కీలకమవుతున్నారు. 2025 నవంబరులో జట్టును నడిపించిన వార్నర్ డియర్న్స్‌నే తీసుకోండి. పుట్టింది న్యూజిలాండ్‌లో. తండ్రి ఉద్యోగరీత్యా పద్నాలుగేళ్లకు జపాన్ వచ్చాడు. అక్కడి హైస్కూల్లోనే రగ్బీలో రాటుదేలాడు. రెండు మీటర్ల పైచిలుకు ఎత్తు. 23 ఏళ్లకే కెప్టెన్. లీచ్ దారిలో నడుస్తున్న మరో తరం ఇది. విదేశీయులు ఓ దేశం తరఫున ఆడటానికి అక్కడ నివసించాల్సిన గడువును ప్రపంచ రగ్బీ సంస్థ మూడేళ్ల నుంచి అయిదేళ్లకు పెంచింది. కాబట్టి అప్పటికప్పుడు తెచ్చుకోవడం కుదరదు. డియర్న్స్‌లా పెంచుకోవాల్సిందే.

ముందున్న దారి

2023లో జపాన్‌ను ప్రపంచ రగ్బీ సంస్థ అగ్రశ్రేణి దేశాల సరసన చేర్చింది. అంతకన్నా ముఖ్యమైంది 'నేషన్స్ ఛాంపియన్‌షిప్'. 2026లో తొలి విడత జరిగేలా రూపొందించిన ఈ పోటీలో 12 జట్లకే చోటు. యూరప్ నుంచి ఆరు, దక్షిణార్ధగోళపు నాలుగు మేటి జట్లు. మిగిలిన రెండు స్థానాలు జపాన్, ఫిజీలవి. సన్‌వుల్వ్స్ పోయాక కరవైన అవకాశం ఇన్నాళ్లకు మరో రూపంలో వచ్చింది. అతిథిలా ఎప్పుడో ఒకసారి కాదు, హక్కుగా పెద్దవాళ్లతో ఆడే అవకాశం. ఓటములు తప్పకపోవచ్చు. కానీ చివరి అయిదు నిమిషాల పాఠం అక్కడే దొరుకుతుంది.

ఆ తర్వాత 2027 అక్టోబరులో ఆస్ట్రేలియాలో ప్రపంచకప్. తొలిసారి 24 జట్లు. జపాన్ ఉన్న గ్రూపులో ఫ్రాన్స్, అమెరికా, సమోవా ఉన్నాయి. సమోవా, అమెరికా... పదేళ్ల కిందట ఓడించినవాళ్లే. తర్వాతి దశకు చేరడం కష్టం కాదు. అక్కణ్నుంచి మాత్రం ఒక్క ఓటమి ఇంటికి టికెట్టే. ఒక్క పాయింటు విలువ అప్పుడు తెలుస్తుంది.

ఆ విలువ జపాన్ అప్పుడే నేర్చుకుంటోందేమో! కార్డిఫ్‌లో ఓడిన వారానికి, నవంబరు 22న, ఆ జట్టు జార్జియా రాజధాని టిబిలిసిలో ఆడింది. అంతకు ముందు ఏడాది సెండైలో తమను 25-23తో ఓడించిన జట్టుతో. ఈసారీ ఆట చివరి నిమిషాల దాకా వచ్చింది. ఈసారీ ఒక పెనాల్టీ. కాకపోతే తన్నింది జపాన్ ఆటగాడు లీ సుంగ్‌సిన్. కోబెలో పుట్టిన కొరియన్ సంతతి కుర్రాడు. బంతి స్తంభాల మధ్య నుంచి వెళ్లింది.

స్కోరు మళ్లీ 25-23. ఈసారి 25 జపాన్‌ది!

మన సంగతేమిటి?

* భారత పురుషుల జట్టు తొలి అంతర్జాతీయ రగ్బీ మ్యాచ్ ఆడింది 1998లో, సింగపూర్‌తో.

* మన అమ్మాయిలు 2019 జూన్‌లో మనీలాలో సింగపూర్‌నే 21-19తో ఓడించి, 15 మంది ఆడే పద్ధతిలో తొలి అంతర్జాతీయ విజయం అందుకున్నారు. అక్కడా తేడా రెండే పాయింట్లు!

* 2025 జూన్‌లో ముంబయిలో రగ్బీ ప్రీమియర్ లీగ్ మొదలైంది. జట్టుకు ఏడుగురే ఆడే పొట్టి పద్ధతి ఇది. తొలి ఏడాది ఆరు జట్లు పాల్గొన్నాయి. హైదరాబాద్ హీరోస్ అందులో ఒకటి. లీగ్‌కు అండగా నిలిచిన జీఎంఆర్ సంస్థ కూడా తెలుగువారిదే. తొలి టైటిల్ చెన్నై బుల్స్ ఎగరేసుకుపోయింది.

* జపాన్‌లో ఆట మొదలయ్యాక బ్రైటన్ గెలుపు రావడానికి నూట పదహారేళ్లు పట్టింది. మనం తొందరపడక్కర్లేదు... మొదలుపెట్టింది ఆపకుండా ఉంటే చాలు.